నల్గొండ డిజైనర్‌కు ఏది నయం: ఊరి గిరాకీనా, ఆన్‌లైన్ గిరాకీనా?

డబ్బు:
ఊళ్లో ఫ్లెక్సీ డిజైన్‌కు బేరం వందల్లోనే, కానీ ఫోన్‌పేలో అప్పుడే పడతాయి.
ఫైవర్‌లో (ఆన్‌లైన్‌లో విదేశీ గిరాకీ దొరికే సైటు) డాలర్లు. అందులో 20 శాతం కమిషన్ పోతుంది, ఆర్డర్ అయ్యాక డబ్బు చేతికి రావాలంటే కొత్తవాళ్లు మరో 14 రోజులు ఆగాలి.

శ్రమ:
అసలు తేడా ఇక్కడే. గడియారం సెంటర్‌లో గిరాకీ పక్కనే కుర్చీ వేసుకుని "అన్నా, మా బాపు ఫొటో ఇంకింత పెద్దగ చెయ్యి" అంటాడు. విసుగే, కానీ అరగంటలో పని తేలిపోతుంది. పెండ్లి పత్రికకు అను ఫాంట్లు (డీటీపీలో వాడే పాత తరహా తెలుగు అక్షరాలు), సీఎంవైకే ఫైలు (ప్రింటింగ్ రంగుల పద్ధతి) చాలు. అవే అక్షరాలు వెబ్‌సైట్‌లో పెడితే గజిబిజి అవుతాయి, అన్ని ఫోన్లు, కంప్యూటర్లు చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాల్సిందే.
ఆన్‌లైన్‌లో అంతా ఇంగ్లిష్ రాతకోతలు. అమెరికావాళ్లు నిద్ర లేచేసరికి మనకు సాయంత్రమో రాత్రో అవుతుంది.

రిస్క్:
ఊళ్లో ఉద్దెర, ముఖ్యంగా నాయకుల ఫ్లెక్సీలకు. సగం అడ్వాన్స్ లేనిదే ఫైలు తెరవొద్దు.
ఆన్‌లైన్‌లో ఒక్క చెడ్డ రేటింగ్‌తో టెన్షన్ మొదలు.

నెలనెలా ఇల్లు గడవాలంటే ఊరి పనే. వెబ్ డిజైన్ గట్టిగా వచ్చి, కొన్ని నెలలు ఆదాయం లేకున్నా నెట్టుకురాగలిగితే ఆన్‌లైన్. మూఢంలో పత్రికల పని ఎట్లాగూ ఉండదు, ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ కట్టుకోవడానికి అదే అదను.