మేడ్ ఇన్ హెవెన్: ఏ కాపీ కొనాలి, ఏ పాటతో మొదలుపెట్టాలి

బ్రిటిష్ రాక్ బృందం క్వీన్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1991 నవంబర్ 24న పోయాడు. బృందంలో మిగిలిన ముగ్గురూ అతని గొంతు ఉన్న టేపులు వెతికి, వాటి చుట్టూ సంగీతం కట్టి 1995 నవంబర్‌లో తెచ్చిన ఆల్బమ్ ఇది. చివరి రోజుల్లో అతను ఎలా పాడాడో తెలియాలంటే హిట్ పాటల సంకలనం కన్నా ఇదే కొనాలి.

నాలుగో పాట ‘మదర్ లవ్’ ముందు వినండి. 1991 మేలో, స్విట్జర్లాండ్‌లోని మాంత్రోలో, మౌంటెన్ స్టూడియోలో రికార్డయింది. అప్పటికి ఫ్రెడ్డీకి జబ్బుతో నిలబడటమే కష్టం. అయినా బృందం గిటారిస్టు బ్రయాన్ మే ఒక్కో చరణం అందిస్తుంటే పాడుతూ పోయాడు, తోడుగా డ్రమ్ మెషీన్ తాళం. మధ్యలో గొంతు పైస్థాయికి లేచే చోట వాల్యూమ్ తగ్గించకండి. జబ్బు మనిషి గొంతని నమ్మబుద్ధి కాదు. ఆఖరి చరణం మళ్ళీ వచ్చి పాడతానని వెళ్ళాడు, అది జరగలేదు. దాన్ని బ్రయాన్ పాడాడు. గొంతు మారిన చోటు హెడ్‌ఫోన్‌లో ఇట్టే తెలుస్తుంది, ఫోన్ స్పీకర్‌లో జారిపోతుంది. ఆ తర్వాత జనంతో కలిసి పలికే ఆలాపన 1986లో లండన్‌లోని వెంబ్లీ కచేరీది.

టైటిల్ పాటలోనూ, ‘ఐ వాజ్ బార్న్ టు లవ్ యూ’లోనూ గొంతు 1985 నాటి ఫ్రెడ్డీ సోలో ఆల్బమ్‌ది. కొత్త గిటార్లు టైటిల్ పాటకు బలమిచ్చాయి. రెండోదానికి వాయిద్యాలు ఎక్కువయ్యాయి, గొంతుకు చోటు చాల్లేదు. మాంత్రోలో సరస్సు ఒడ్డున ఫ్రెడ్డీ రాసుకున్న ‘ఎ వింటర్స్ టేల్’ మాత్రం వదలొద్దు.

రెండోసారి వినేటప్పుడు షఫుల్ తీసేసి వరసగా వినండి. 1980లో మ్యూనిక్‌లో పియానో దగ్గర పాడిన ముక్కతో ఆల్బమ్ మొదలవుతుంది, అదే పాట పదకొండో ట్రాక్‌గా వేరే ఊపుతో తిరిగొస్తుంది. సీడీలో చివరిదైన 13వ ట్రాక్‌కు పేరు లేదు, 22 నిమిషాలు దాటి సాగే ధ్వనులే. రాత్రిపూట వినడానికి బాగుంటుంది.

ఎల్పీ (వినైల్ రికార్డు) కొనేవాళ్ళకు అసలు జాగ్రత్త ఇక్కడే. ఒక్కో వైపు 20-22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. అందుకే 1995లో ఒకే డిస్కులో పట్టించడానికి కొన్ని పాటలు కుదించారు. 2015 ముద్రణ రెండు డిస్కులు, పాటలు పూర్తి నిడివితో ఉన్నాయి. పాత రికార్డుల షాపులో డబ్బులిచ్చే ముందు కవరు తెరిచి డిస్కులు లెక్కపెట్టండి. ఒకటే ఉంటే వదిలేసి సీడీ తీసుకోండి.