పిల్లల చెవి మిషన్: కంపెనీ కన్నా మౌల్డ్ ముఖ్యం

మా పాప రెండేళ్లు దాటినప్పటి నుంచీ రెండు చెవులకూ వెనక పెట్టే డిజిటల్ మిషన్లు వాడుతోంది. ఇప్పుడు రెండో తరగతి. ఇన్నేళ్లు వాడాక చెబుతున్నా, ఏ కంపెనీది కొనాలా అని పడే టెన్షన్‌లో సగం మౌల్డ్ గురించి, అంటే చెవి కొలతకు చేసి చెవిలో పెట్టే మెత్తటి ముక్క గురించి పడండి.

మాకు అమ్మినవాళ్లు ఛానళ్లు, బ్లూటూత్ అంటూ చాలాసేపు చెప్పారు. మౌల్డ్ గురించి మాత్రం ఒక్క ముక్క ఎత్తలేదు. ఎదిగే పిల్లల చెవికి మౌల్డ్ కొన్ని నెలలకే వదులైపోతుంది. అప్పుడు చెవిలోకి వెళ్లాల్సిన శబ్దం బయటికొచ్చి మళ్లీ మైకులో పడి, కుయ్యిమని కూత పెడుతుంది. కొందరు ఆ కూత భరించలేక వాల్యూమ్ తగ్గించేస్తారు. దయచేసి ఆ పని చేయకండి, బిడ్డకు మాటే అందదు. కొత్తగా కొలత ఇచ్చి మౌల్డ్ మార్పించండి.

మాది 13 నంబరు బ్యాటరీ, నారింజ రంగు స్టిక్కర్‌ది. స్టిక్కర్ పీకి ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేయాలి. ఒకసారి పీకాక మళ్లీ అంటించి దాచుకోవడం కుదరదు. బిడ్డ మింగితే ప్రాణం మీదికొస్తుంది కాబట్టి బ్యాటరీ మూతకు లాక్ లేని మిషన్ చిన్నపిల్లలకు వద్దే వద్దు.

తిరుపతి ఎండలకు చెమట, అక్టోబరు దాటితే వాయుగుండాల వానలు. మిషన్‌ను మౌల్డ్‌కు కలిపే ట్యూబులో చిన్న నీటిబొట్టు చేరినా మిషన్ పాడైందని కంగారు పడతాం. రాత్రిపూట బ్యాటరీ తీసి, సిలికా జెల్ డబ్బాలో పెడితే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది.

బడికి పంపేముందు పాప వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అంటాను. లింగ్ పరీక్ష అంటారు దీన్ని. పాప ఒక్కొక్కటే తిరిగి అంటుంది. ఏదైనా పలకలేదంటే ముందు బ్యాటరీ, ట్యూబు చూస్తాను. ఇంతకన్నా మంచి అలవాటు నాకు తెలియదు.

నిరాశపరిచేది రద్దీ, దూరం. గాంధీ రోడ్డులో హారన్ల మధ్య పాపకు నా మాట అందదు. క్లాసులో టీచర్ బోర్డు వైపు తిరిగి చెప్పినా అంతే. మీటరు, రెండు మీటర్లు దాటితే ఎంత ఖరీదైన మిషనైనా తడబడుతుంది. టీచర్ మెడలో వేసుకుంటే ఆమె గొంతును నేరుగా మిషన్‌కు పంపే రిమోట్ మైక్ వచ్చాకే పాప పాఠం ఆసక్తిగా వింటోంది. డబ్బులుంటే ఖరీదైన మోడల్‌కు కాదు, దానికి పెట్టండి.

మిషన్ పెట్టగానే మాటలు రావు, నేర్పించాలి. బిడ్డ చిన్నదైతే, వినికిడి లోపమున్న పిల్లల కోసం తిరుపతిలో టీటీడీ వాళ్లు నడిపే ‘శ్రవణం’ కేంద్రంలో కనుక్కోండి, అక్కడ తల్లికి కూడా శిక్షణ ఇస్తారు.