హైతీ ముందు రెండు దారులు: వెనిజులా చమురు అప్పు, దాతల సాయం

వెనిజులా అప్పు మీద చమురు ఇచ్చిన పెట్రోకారిబే ఒప్పందం లెక్క ఇలా ఉండేది. 2008 సవరణ తర్వాత, పీపా ధర 100 డాలర్లు దాటితే 40 శాతం 90 రోజుల్లో కట్టాలి, మిగతా 60 శాతం 25 ఏళ్ల అప్పు, వడ్డీ 1 శాతం. అంటే 110 డాలర్ల పీపాకు చేతి నుంచి వెంటనే పోయేది 44 డాలర్లే. ప్రభుత్వం మాత్రం ఆ చమురును స్థానిక కంపెనీలకు అమ్మి డబ్బు రాబట్టుకునేది. మిగిలిన 66 డాలర్లు రోడ్లకో, ఇళ్లకో వాడుకోవచ్చు. ఆ డబ్బుతో ఏం చేశారో వెనిజులా ప్రభుత్వం పెద్దగా అడిగేది కాదు. సౌలభ్యం అదే, చిక్కూ అదే. టెండర్లు సరిగా లేకుండా పనులిచ్చారు, ఎన్నో సగంలో ఆగాయి. 2019లో హైతీ ఆడిట్ కోర్టే ఈ తప్పులను బయటపెట్టింది. పైగా వెనిజులా కుంగిపోయి 2018లో సరఫరా ఆగింది, బాకీ మిగిలింది.

దాతల సాయం తిరిగి కట్టక్కర్లేదు. కానీ 2010 భూకంపం తర్వాత వచ్చిన అత్యవసర సాయంలో హైతీ ప్రభుత్వానికి నేరుగా అందింది దాదాపు 1 శాతమే. తక్కినదంతా విదేశీ సంస్థల చేతుల మీదుగానే నడిచింది. పైగా సాయానికి షరతులూ ఉండేవి. అలాంటి ఒత్తిడితోనే 1995లో బియ్యంపై దిగుమతి సుంకం 3 శాతానికి పడిపోయింది. చౌక అమెరికా బియ్యం ముందు హైతీలో వరి పండించే ఆర్టిబోనైట్ లోయ రైతు నిలవలేకపోయాడు.

నా లెక్కలో మొదటిదే మెరుగు, ఖర్చుకు ముందే ఆడిట్ ఉండి ఉంటే.