బెర్లిన్ గోడ ఫొటో యాత్రకు డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

కెమెరా పట్టుకుని బెర్లిన్ వెళ్లే మన వాళ్లకు ఈ మాట. 'గోడ ఆనవాళ్లు, తెల్లవారు వెలుతురులో' అనే ప్రకటన చూసి 95 యూరోలు ముందే కట్టేశాను. ఆరుగురికి మించరని, కావలి బురుజు లోపలికి తీసుకెళ్తామని రాశారు. తీరా చూస్తే ఇరవై రెండు మందిమి తేలాం. గైడు వచ్చేసరికి పదకొండు దాటింది. తెల్లవారడం అంటే ఆయన లెక్క అదేనేమో!

మొదట చెక్‌పాయింట్ చార్లీ, అంటే గోడ ఉన్న రోజుల్లో తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య దాటే చోటు. అక్కడి కాపలా గది 2000లో పెట్టిన నమూనా. ఆయన మాత్రం 1961 నాటిదేనని చెప్పి, పక్కనే గోడ ముక్కలు అమ్మే దుకాణంలో నలభై నిమిషాలు నిలబెట్టాడు. ధ్రువపత్రంతో సహా ఒక ముక్క చేతికిచ్చారు. బొటనవేలితో రుద్దితే నీలం రంగు వేలికి అంటింది.

మిగిలిన గోడ మీద బొమ్మలు వేసిన ఈస్ట్ సైడ్ గ్యాలరీకి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. బొమ్మలున్న ముఖం ఈశాన్యానికి ఉంటుంది, ఎండ పడేది పొద్దుటి పూటే. మేము వెళ్లేటప్పటికి అంతా నీడ, వెనక నుంచి కళ్లలోకి వెలుతురు. పైగా సరిహద్దుకు ఉన్న రెండు గోడల్లో అది తూర్పు వైపు లోపలిది, బొమ్మలు గోడ పడ్డాక 1990లో వేసినవి. బురుజును రోడ్డు అవతల నుంచే చూపించాడు, తలుపుకు తాళం.

డబ్బు వెనక్కి అడిగితే 'వాతావరణాన్ని బట్టి మార్పులుంటాయి' అన్న షరతు చూపించారు. ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు.

మర్నాడు ఒక్కడినే నార్డ్‌బాన్‌హోఫ్ స్టేషన్‌లో దిగి బెర్నవర్ వీధికి వెళ్లాను. 1.4 కిలోమీటర్ల స్మారకం, ప్రవేశం ఉచితం. గోడ లేనిచోట తుప్పు రంగు ఇనుప కడ్డీలు పాతారు. ఎదురుగా నిలబడితే వాటి సందుల్లోంచి అవతల గడ్డి కనిపిస్తుంది. పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే కడ్డీలన్నీ కలిసిపోయి గోడ మళ్లీ లేచి నిలబడుతుంది. నాకు నచ్చిన ఫొటోలన్నీ అక్కడివే.

అయినా యాత్రే కావాలంటే ఏ చోట్లు, ఎన్ని గంటలకు, ఎంతమంది అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. బురుజు లోపలికి అంటే ఏ బురుజో పేరు అడగండి. నగరంలో గోడ నడిచిన దారిలో చాలాచోట్ల రోడ్డు మీద రెండు వరసల రాళ్లు పరిచి ఉంటాయి. వాటి వెంట నడవడానికి ఎవరికీ పైసా కట్టనక్కర్లేదు. ఒకచోట ఆ వరస నేరుగా ఆపి ఉన్న ఒక కారు కిందికి దూరింది. వంగి తీశాను, బాగానే వచ్చింది.