ఎడిసన్ వైపు బేస్‌మెంట్‌లో సింక్ పెట్టిస్తున్నవాళ్ళు జాగ్రత్త

న్యూజెర్సీ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వారం వారం బాత్రూమ్ ఫోటోలు పెట్టే హ్యాండీమ్యాన్ ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. అతనితో డ్రైన్ పని మాత్రం చేయించుకోకండి.

వాషింగ్ మెషిన్ పక్కన యుటిలిటీ సింక్ కావాలని పిలిచాం. మా బేస్‌మెంట్‌లో మెయిన్ డ్రైన్ పైపు నేల కింద లేదు, నడుం కన్నా పైన గోడలోంచి బయటికి పోతుంది. సింక్ నీళ్ళు వాటంతట అవి అంత ఎత్తుకి ఎక్కవు, పంపు పెట్టాలి. ఈ మాట చెప్పింది అతనే. పంపుతో కలిపి 1,100 డాలర్లు అన్నాడు, సరే అన్నాం. మేం ఆఫీసుల్లో ఉండగా పని ముగించి "మెయిన్‌కి కలిపేశా" అని మెసేజ్ పెట్టాడు. డబ్బులు పంపేశాం.

మొన్న శనివారం మా అమ్మ పసుపు మరకల గుడ్డలు ఆ సింక్‌లో ఉతికింది. సబ్బు తగిలి పసుపు ఎర్రబడుతుంది కదా, కాసేపటికి పెరట్లో పిల్లలు ఆడుకునే గడ్డి మీద అదే ఎర్రటి నురగ! సంప్ పంపు (బేస్‌మెంట్ గుంటలో ఊరే నీళ్ళని బయటికి తోసే పంపు) పైపులోంచి బుడబుడా వస్తోంది. కిందికెళ్ళి సంప్ గుంట మూత ఎత్తాను. మూత అంచున కొత్తగా కోసిన చిల్లు, అందులోంచి ఒక ముడతల గొట్టం గుంటలోకి వేలాడుతోంది. డ్రైయర్ వెనక కనపడకుండా తెచ్చి అక్కడ వదిలేశాడు. బట్టల పీచు అప్పటికే పంపు ఫ్లోట్‌కి, అంటే నీళ్ళతో పాటు పైకి తేలి పంపుని ఆన్ చేసే బుడ్డకి, చుట్టుకుని ఉంది.

ఫోన్ చేశాను. "అన్నా, పంపు పెడతానని డబ్బు తీసుకున్నావు, ఏది?" అన్నాను. "గుంటలో పంపు లేదా? నీళ్ళు పోతున్నాయా లేదా? ఆ రేటుకి ఇంకేం కావాలి మీకు?" అని కట్ చేశాడు. అది ఇల్లు కొన్నప్పటి నుంచి మాకున్న పంపు! దాన్నే చూపించి డబ్బు తీసుకున్నాడు. మళ్ళీ చేస్తే బ్లాక్. మోసం ఒక ఎత్తు, ఆ గొంతులో నిర్లక్ష్యం ఒక ఎత్తు. రెండు రోజులైనా ఆ మాట చెవుల్లోంచి పోవడం లేదు.

సంప్ గుంట ఉన్నది పునాది చుట్టూ ఊరే నీళ్ళ కోసం. సబ్బు, జిడ్డు, పీచు పడితే ఫ్లోట్ ఇరుక్కుంటుంది, పెద్ద వాన రోజు పంపు తిరగక బేస్‌మెంట్ మునుగుతుంది. పైగా వాడిన నీళ్ళు అలా పెరట్లోకి వదలకూడదు, సీవర్‌కే పోవాలి. సింక్ కింద ట్రాప్ (డ్రైన్ వాసన పైకి రాకుండా ఆపే వంపు పైపు), దానికి వెంట్ (గాలి గొట్టం), పంపు తర్వాత నీళ్ళు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ ఉండాలి. మాకు వీటిలో ఒక్కటీ లేదు.

మీరు చేయిస్తుంటే న్యూజెర్సీ ప్లంబింగ్ లైసెన్స్ నంబర్ అడిగి ఆన్‌లైన్‌లో చూసుకోండి. హోమ్ ఇంప్రూవ్‌మెంట్ రిజిస్ట్రేషన్ చూపిస్తే చాలదు, అది వేరు. టౌన్‌షిప్ పర్మిట్ తీయించండి, ఇన్‌స్పెక్షన్ అయ్యాకే మిగతా డబ్బు ఇవ్వండి.

ఇప్పటికే ఇతనితో సింక్ పెట్టించుకున్నవాళ్ళు రంగు కలిపిన నీళ్ళు పోసి, సంప్ మూత తీసి చూడండి. ఈ వారం వానలున్నాయి, ఇవాళే చూసుకోండి.