నాలుగేళ్లుగా ఎన్‌ఎఫ్‌టేబుల్స్: సెట్లు బాగున్నాయి, ఆ 11 రోజులు తప్ప

లినక్స్‌లో ఫైర్‌వాల్ రూల్స్ రాసే పాత టూల్ ఐపీటేబుల్స్ నుంచి కొత్తదైన ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌కి ఎందుకు మారాలో ఇప్పటికే చాలామంది చెప్పేశారు. ఐపీవీ4కీ ఐపీవీ6కీ ఒకే టేబుల్ చాలు, సింటాక్స్ శుభ్రంగా ఉంటుంది వగైరా మీకు తెలిసినవే. నేను మాట్లాడేది ఒక్క సెట్ల గురించి, అంటే బోలెడు అడ్రసుల్ని ఒకే పేరు కింద పెట్టి ఒకే రూల్లో వాడే లిస్టుల గురించి. నన్ను సుఖపెట్టిందీ అవే, ఏడిపించిందీ అవే.

ముందు నా పరిస్థితి. ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ల నెట్ చూస్తాను. నాలుగు బ్లాకులు, 1,400 మంది పిల్లలు, మధ్యలో రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఒక పాత డెస్క్‌టాప్. రిజిస్టర్ చేసుకున్న ఫోన్లకీ లాప్‌టాప్‌లకీ నెట్ వదలాలి, బ్లాక్‌లిస్టులో ఉన్న అడ్రసులకి ఎవర్నీ పోనివ్వకూడదు. ఆ పెట్టె పని ఇంతే. న్యాట్, అంటే లోపలి అడ్రసుల్ని బయటి అడ్రస్‌గా మార్చే పని, అంతా పైన ప్రొవైడర్ రూటర్లో జరుగుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

డెబియన్ అనే లినక్స్ 9వ వెర్షన్ ఉన్న రోజుల్లో ఒక్కో మ్యాక్ అడ్రస్‌కి (ఒక్కో ఫోన్, లాప్‌టాప్ నెట్‌వర్క్‌కి చూపించే గుర్తు) ఒక్కో రూలు, బ్లాక్‌లిస్టులో ఒక్కో లైనుకి ఒక్కో రూలు రాసేవాణ్ని. అప్పటి ఐపీటేబుల్స్‌లో టేబుల్ మొత్తం లినక్స్ గుండెకాయ లాంటి కెర్నల్లో ఒకే మూట. ఒక్క రూలు చేర్చమంటే ఆ మూటని కిందికి దింపి, విప్పి, అందులో ఒకటి పెట్టి, మళ్లీ కట్టి పైకెత్తాలి. నా స్క్రిప్టు ఆ పని వేల సార్లు చేసేది. అది మొదలుపెట్టి క్యాంటీన్‌కి వెళ్లి టీ తాగి వస్తే సరిగ్గా అయ్యేది. రీస్టోర్ కమాండుతో మొత్తం ఒకేసారి ఎక్కించొచ్చని ఆలస్యంగా తెలిసింది, అది నా అజ్ఞానం. కానీ ఎలా ఎక్కించినా ప్యాకెట్ మాత్రం ఆ వరుసంతా పైనుంచి కిందికి దిగాల్సిందే. పాత కనెక్షన్లని మొదటి రూల్లోనే వదిలేసినా, రాత్రి భోజనాలయ్యాక పిల్లలంతా ఒకేసారి ఫోన్లు తెరిస్తే కొత్త కనెక్షన్లు జాతరలా వచ్చి పడేవి.

ఐపీటేబుల్స్‌కి కూడా సెట్లు ఇచ్చే ఐపీసెట్ ఉంది కదా అంటారు. ఉంది, కొన్నాళ్లు వాడాను. అది వేరే కమాండు, వేరే సర్వీసు. బూట్‌లో సెట్లు ముందు రాకపోతే వాటి మీద ఆధారపడ్డ రూల్స్ లోడ్ కావు. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో సెట్టూ రూలూ ఒకే టేబుల్లో, ఒకే ఫైల్లో ఉంటాయి. 2021 చివర్లో డెబియన్ 11 వేసినప్పుడు మారిపోయాను. వేల రూల్స్ పోయి 23 మిగిలాయి.

సెట్‌ని లోపల ఏ ఆకారంలో దాచాలో కెర్నలే చూసుకుంటుంది. విడివిడి మ్యాక్ అడ్రసులైతే హ్యాష్ టేబుల్. ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా అనే రేంజిలుంటే రెడ్ బ్లాక్ ట్రీ. అడ్రస్ రేంజినీ పోర్టు రేంజినీ కలిపి ఒకే కీగా రాస్తే 2020లో 5.6 కెర్నల్‌తో వచ్చిన పిపాపో. ఈ పేర్లేవీ మనం రాయక్కర్లేదు. నాలుగు బ్లాకుల్ని నాలుగు చెయిన్లకి, అంటే రూల్స్ వరుసలకి, పంపడానికి కూడా ఎవరు ఎటు పోవాలో చెప్పే ఒక్క వర్డిక్ట్ మ్యాప్ సరిపోయింది.

అన్నిటికంటే నచ్చింది సెట్‌లోని అడ్రస్‌కి గడువు పెట్టే టైమౌట్. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైకి అసలు మ్యాక్ బదులు ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తున్నాయి కదా, దాంతో ఒక్కో పిల్లాడి పేరు మీద మూడేసి, నాలుగేసి అడ్రసులు పోగయ్యేవి. ఇప్పుడు 30 రోజులు కనపడని అడ్రస్ దానంతటదే జారిపోతుంది. పిల్లల్ని చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకి 4 గంటలు ఇస్తాను, మళ్లీ తీసేయడం గుర్తుపెట్టుకోవక్కర్లేదు.

మొదటి ఆరు నెలలూ కనిపించిన వాడికల్లా ఇదే చెప్పాను. ముఖ్యంగా లోడింగ్ గురించి: ఫైలు మొత్తం ఎక్కుతుంది, లేదా అసలు ఎక్కదు, సగం సగం రూల్స్‌తో నడిరోడ్డు మీద ఆగిపోయే టెన్షన్ లేదని. ఆ మాట నిజమే. కానీ అసలు ఎక్కకపోతే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

2022లో ఒకరోజు మా వార్డెన్ గారు పనిమీద పిలిచి, వెళ్లిపోబోతుంటే అడిగారు. "ఏమయ్యా, మావాడు కొత్త ఫోన్ కొన్నాడు, రిజిస్టర్ చేయకుండానే నెట్ వస్తోంది. ఇప్పుడలా పెట్టారా?" లేదండీ, చూస్తాను అని గదికొచ్చి, లోడైన రూల్స్ అన్నీ చూపించే ఎన్‌ఎఫ్‌టీ లిస్ట్ రూల్‌సెట్ కమాండు కొట్టాను. ఒక్క లైను కూడా రాలేదు. ప్రాంప్ట్ మళ్లీ వచ్చి నా ముఖం చూస్తూ కూర్చుంది. ఇంకోసారి కొట్టాను. అదే ఖాళీ.

సర్వీస్ స్టేటస్ చూస్తే ఎర్రగా ఫెయిల్డ్. అప్‌టైమ్ 11 రోజులు. అంటే 11 రోజుల కిందట కరెంటు పోయి, యూపీఎస్ చేతులెత్తేసి, మెషిన్ రీబూట్ అయింది. ఫైలు ఎక్కలేదు. న్యాట్ పైన ఉంది కాబట్టి, ఫైర్‌వాల్ లేకపోయినా ప్యాకెట్లు హాయిగా అటూ ఇటూ తిరిగాయి. నెట్ రాకపోతే ఐదు నిమిషాల్లో నలభై ఫోన్లొస్తాయి. నెట్ మరీ బాగా వస్తోందని ఫోన్ చేసేవాళ్లెవరు?

చేత్తో లోడ్ చేస్తే కారణం కనపడింది: కాన్‌ఫ్లిక్టింగ్ ఇంటర్వెల్స్ స్పెసిఫైడ్, అంటే రేంజిలు ఒకదాని మీద ఒకటి పడ్డాయని. వేళకి దానంతటదే పని నడిపే క్రాన్ రాత్రిపూట దించే బ్లాక్‌లిస్టులో ఒక 24 బిట్ల నెట్‌వర్కూ (256 అడ్రసుల రేంజి) ఉంది, అదే నెట్‌వర్క్ లోపలి విడి అడ్రస్ ఒకటీ ఉంది. మనిషికి ఇందులో గొడవేం కనపడదు. పెద్దది మూస్తే చిన్నది మూసినట్టే కదా!

రేంజిలని దాచే ఆ రెడ్ బ్లాక్ ట్రీలో అలా కుదరదు. రేంజిని అది పొలంలా మొత్తంగా గుర్తుపెట్టుకోదు, హద్దురాళ్లు మాత్రమే పాతుతుంది: మొదలుకి ఒకటి, చివరకి ఒకటి. అడ్రస్ వచ్చినప్పుడు దానికి ఎడమవైపు దగ్గర్లో ఉన్న రాయి చూస్తుంది. మొదలు రాయి అయితే లోపల, చివరి రాయి అయితే బయట. పెద్ద పొలంలో చిన్న మడి పాతితే, ఆ మడి దాటిన అడ్రస్‌కి ఎడమన చివరి రాయి కనిపిస్తుంది. నిజానికి పెద్ద పొలం లోపలే ఉన్నా బయట అనేస్తుంది. అందుకే టూల్ ముందే ఒప్పుకోదు. ఇది చదివాక కోపం సగం తగ్గింది.

మిగతా సగం నా మీదే. స్క్రిప్టు కొత్త లిస్టుని పాతదాని మీద రాసేసి, ఆ తర్వాత లోడ్ చేసేది. లోడ్ ఫెయిలైనా కెర్నల్లో పాత రూల్స్ చెక్కుచెదరలేదు, అందుకే ఏమీ తెలియలేదు. క్రాన్ పంపిన మెయిళ్లు ఎవరూ చూడని పెట్టెలో పడ్డాయి. రీబూట్ వచ్చేదాకా అది పేలని బాంబు. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌టీ కమాండుకి డాష్ సీ పెట్టి, ఎక్కించకుండా చెక్ మాత్రం చేసి, పాసైతేనే ఫైలు మారుస్తున్నాను. బూట్‌లో ముందు, ఫార్వర్డ్ (ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి పోయే ట్రాఫిక్) మొత్తం మూసేసే నాలుగు లైన్ల ఫైలు ఒకటి విడిగా ఎక్కుతుంది. అసలు ఫైలు ఎక్కకపోతే నెట్ ఆగి నాకు ఫోన్లు రావాలి, అంతే.

సెట్‌కి ఆటో మెర్జ్ పెడితే అలాంటి రేంజిలని అదే కలిపేస్తుంది. కానీ డెబియన్ 11లోని ఎన్‌ఎఫ్‌టేబుల్స్ 0.9.8తో, కలిసిపోయిన రేంజిలోంచి ఒక్క అడ్రస్ తీసేయడం కుదరలేదు. పిల్లలు ప్లేస్‌మెంట్ టెస్ట్ రాసే సైటొకటి అలా ఇరుక్కుంటే, వాళ్లు గుమ్మంలో నిలబడి ఉండగా లిస్టు సరిచేసి మొత్తం మళ్లీ ఎక్కించాను. డెబియన్ 12లో 1.0.6 వచ్చాక ఒక్క కమాండుతో ఆ ముక్క కోసేయొచ్చు.

టైమౌట్ గురించి అంత పొగిడాను కదా, కరెంటు పోతే ఆ లిస్టు కూడా పోతుంది. గంటకోసారి డంప్ తీసి దాచుకుంటున్నాను. పెద్ద సెట్లుంటే లిస్ట్ కొట్టినప్పుడు తెర నిండా అడ్రసులే పారతాయి. లిస్ట్ కమాండుకి డాష్ టీ పెడితే అవి దాచేసి రూల్స్ మాత్రం చూపిస్తుంది.

నాలాగా వేల అడ్రసులు, రోజూ మారే లిస్టులు ఉంటే మారొచ్చు, నేనైతే వెనక్కి పోను. పది రూల్స్ ఉన్నవాళ్లకి తేడా తెలుస్తుందని అనుకోను. మా తమ్ముడు వాడి కేబుల్ ఆఫీసు మెషిన్లో ఫైర్‌వాల్‌తో పాటు, ప్రోగ్రాముల్ని విడివిడి డబ్బాల్లో పెట్టి నడిపే డాకర్ కూడా నడుపుతాడు. నా ఫైలు కాపీ అడిగాడు. దాని మొదటి లైను ఫ్లష్ రూల్‌సెట్. రీలోడ్ చేసిన ప్రతిసారీ డాకర్ రాసుకున్న రూల్స్‌ని కూడా ఊడ్చేస్తుంది. వాడికింకా పంపలేదు.