అనంతపురంలో లాంగ్ చైన్ బ్రాంచింగ్ పరీక్ష: గీతను నమ్మొచ్చు, అంకెను నమ్మలేం

అనంతపురం శివార్లలోని ఈ ప్లాస్టిక్ టెస్టింగ్ ల్యాబుకు గిరాకీ అంతా డ్రిప్ లాటరల్ పైపులు, మల్చింగ్ షీట్లు తీసే యూనిట్ల నుంచే. టమాటా, కర్బూజ మళ్లకు వేసే షీట్ తీసేవాళ్లకు ఒక చిక్కు బాగా తెలుసు. రెండు లాట్లకూ 190 డిగ్రీల దగ్గర 2.16 కిలోల బరువుతో ఎంఎఫ్‌ఐ (కరిగిన ప్లాస్టిక్ ఎంత సులువుగా జారుతుందో చెప్పే అంకె) ఒకటే. అయినా ఒకదానికి బబుల్ (షీట్ కోసం ఊదే కరిగిన ప్లాస్టిక్ బుడగ) నిలకడగా ఉంటుంది, ఇంకోదానికి ఊగి మందంలో తేడాలొస్తాయి. ప్లాస్టిక్ అణువు ప్రధాన గొలుసు నుంచి చీలి, పక్క గొలుసులతో పెనవేసుకునేంత పొడవు సాగిన కొమ్మలే, అంటే లాంగ్ చైన్ బ్రాంచింగే, చాలాసార్లు దీనికి కారణం. 21.6 కిలోల ఎంఎఫ్‌ఐని 2.16 దానితో భాగించి కొమ్మలున్నాయని తేల్చేస్తుంటారు. అది చాలదు, అణుభారాల వ్యాప్తి వెడల్పుగా ఉన్నా ఆ నిష్పత్తి పెరుగుతుంది.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది రియోమీటర్ (కరిగిన ప్లాస్టిక్‌ను రెండు పళ్లేల మధ్య అటూ ఇటూ ఊపి దాని తీరును కొలిచే యంత్రం) పని. 25 మిల్లీమీటర్ల పళ్లేలు, 1 మిల్లీమీటర్ సందు, 190 డిగ్రీలు, నైట్రోజన్. ఊపే ఫ్రీక్వెన్సీని సెకనుకు 100 రేడియన్ల నుంచి 0.01 దాకా దించుతారు. చివరి బిందువు దగ్గర ఒక్క ఆవృతికే పది నిమిషాలు దాటుతుంది, అందుకే తొందరపడేవాళ్లు 0.1 దగ్గరే ఆపేస్తారు. కొమ్మల జాడ తేటగా కనబడేది ఆ అడుగు భాగంలోనే. ఫేజ్ కోణాన్ని (90కి దగ్గరైతే ద్రవంలా, సున్నాకు దగ్గరైతే రబ్బరులా ఉన్నట్టు) కాంప్లెక్స్ మాడ్యులస్‌కు, అంటే సరుకు మొత్తం బిగువుకు, ఎదురుగా గీసిన వాన్ గుర్ప్-పాల్మెన్ గీత కూడా రిపోర్టులో ఉంటుంది. కొమ్మల్లేని సరుకైతే గీత నునుపుగా 90 డిగ్రీల వైపు ఎక్కుతుంది. కొమ్మలుంటే మధ్యలో భుజంలా వంగుతుంది.

అడిగితే తప్ప టైమ్ స్వీప్ (ఒకే ఫ్రీక్వెన్సీలో కాలంతో పాటు సరుకు మారుతోందా అని చూసే పరీక్ష) ఇవ్వకపోవడం పెద్ద లోపం. యాంటీఆక్సిడెంట్ అయిపోయిన రీసైకిల్ సరుకు అంతసేపు వేడిలో ఉంటే గొలుసులు అతుక్కుంటాయి, పరీక్షలోనే కొత్త కొమ్మలు పుడతాయి. కాబట్టి పరీక్షంత సేపు స్టోరేజ్ మాడ్యులస్ (సరుకులోని రబ్బరులాంటి బిగువు) పెరగలేదని చూపించమని పట్టుబట్టండి. సున్నపురాయి పొడి ఎక్కువున్న సరుకు ఇవ్వకండి, ఆ పొడి కూడా తక్కువ ఫ్రీక్వెన్సీలో గీతను వంచుతుంది.

రిపోర్టు చివర "1000 కార్బన్లకు ఇన్ని కొమ్మలు" అని సాఫ్ట్‌వేర్ వేసిన అంకె ఒకటుంటుంది. దాన్ని కొట్టేయండి. కొమ్మ ఎంత పొడవు, ఎక్కడ అతికింది అన్నవాటిని బట్టి చిక్కదనం మారుతుంది, కాబట్టి అసలు అణుభారం తెలియకుండా లెక్క తేలదు. లెక్క కావాలంటే లైట్ స్కాటరింగ్, విస్కోమీటర్ రెండూ ఉన్న హై టెంపరేచర్ జీపీసీ (గొలుసులను సైజును బట్టి విడదీసే పరీక్ష) చేయించాలి. ఈ ల్యాబులో అది లేదు. కొమ్మలను లెక్కపెట్టే ఇంకో పద్ధతి కార్బన్-13 ఎన్‌ఎంఆర్‌కు మామూలుగా ఆరు కార్బన్ల కొమ్మా, అంతకన్నా పొడవైనదీ ఒకటే. ఆక్టీన్ కలిపి చేసిన ఎల్‌ఎల్‌డీపీఈ (ఒక రకం పాలిథీన్) గ్రేడులో ఆరు కార్బన్ల కొమ్మలు సహజంగానే ఉంటాయి, పొడవైనవి వాటిలో కలిసిపోతాయి. బ్యూటీన్ గ్రేడులో కొమ్మలు పొట్టివి కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

అదనపు పరీక్షల్లో డబ్బు పెట్టదగినది ఫ్లో యాక్టివేషన్ ఎనర్జీ (వేడిని బట్టి చిక్కదనం ఎంత మారుతుందో చెప్పే కొలత) ఒక్కటే. మూడు ఉష్ణోగ్రతల్లో చేస్తారు. కొమ్మల్లేని హెచ్‌డీపీఈకి మోల్‌కు 27 కిలోజూల్స్ దరిదాపుల్లో, పొడవైన కొమ్మలు బాగా ఉండే ఎల్‌డీపీఈకి దాదాపు రెట్టింపు వస్తుంది. శాంపిల్‌తో పాటు గ్రేడు, కోమోనోమర్ (బ్యూటీన్, ఆక్టీన్‌లలో ఏది కలిపారో), రీసైకిల్ శాతం రాసివ్వండి. రాయకపోతే వాళ్లు అడగరు.